దునియా అవతలాయన, మా అన్న

నా చిన్నప్పుడు ఎల్లారెడ్డిలో మా ఇంట్లో అన్నాల దగ్గర కూర్చుంటే ఎక్కువగా వచ్చే మాట దక్షిణ అమెరికాలో ఉండే ఒక మనిషి గురించి. ఈ సంగతి చెబితే మా మనవరాళ్ళు నమ్మరు. మాది మేదరి పని చేసుకునే ఇల్లు. చాటలు, గంపలు, జల్లెడలు అల్లి అంగట్లో అమ్ముకునేవాళ్ళం. బాన్సువాడ దాటి ఎరుగని మా నాయనమ్మ కూడా పొయ్యి ముందు కూర్చుని, ఆయన ఇప్పుడు ఎంత ఎత్తు దుంకుతున్నాడని అడిగేది. ఆయన పేరు మాకెవరికీ నోరు తిరిగేది కాదు. భూమికి మనం ఈ పక్క ఉంటే ఆయన ఆ పక్క ఉంటాడని డ్రిల్లు సారు చెప్పారు కాబట్టి 'దునియా అవతలాయన' అని పెట్టుకున్నాం.

డ్రిల్లు సారు అంటే మా ఊరి బడిలో ఆటలు నేర్పే సారు. నిజాం ఫౌజులో పనిచేసి, పోలీసు యాక్షన్ తర్వాత ఆ ఫౌజే లేకుండా పోతే, మా బడికి వచ్చి పడ్డారు. మీసం ఒక్కటే మిగిలింది ఫౌజు నుంచి. ఫౌజులో ఉన్నప్పుడు వెదురు గడ పట్టుకుని ఎత్తు దూకడం నేర్చుకున్నారట. ఇప్పుడు పోల్ వాల్ట్ అంటారు, మేము గడ దుంకుడు అనేవాళ్ళం. సికింద్రాబాదులో ఇంగ్లీషు పేపరు అచ్చయ్యేచోట ఆయన దోస్తు ఒకాయన ఉండేవాడు. ఆటల వార్తల్లో దునియా అవతలాయన పేరు కనిపించినప్పుడల్లా ఆ ముక్క కత్తిరించి పోస్టులో పంపేవాడు. సారు వాటిని ఒక నోటుబుక్కులో అన్నం మెతుకులతో అతికించుకునేవారు. ఒక్కో ముక్క రెండు మూడు లైన్లకు మించదు. ప్రతిదాంట్లో ఆయన పేరు, దాని పక్కన ఇన్ని అడుగులు, ఇన్ని అంగుళాలు అని అంకె ఉండేది.

ఆ ముక్కల మధ్య ఖాళీలను సారే నింపి కథగా చెప్పేవారు. ఎంత నిజమో ఎంత ఫౌజు కోతలో ఇప్పుడు చెప్పలేను. ఆయన ఓడరేవులో పడవలు బాగుచేసే వడ్రంగి కొడుకట. పదిహేనేళ్ళప్పుడు తెరచాప గడ పట్టుకుని కాలువలు దూకడం మొదలుపెట్టాడట. వాళ్ళ ఊళ్ళో మొదటివాడు, తర్వాత వాళ్ళ దేశంలో మొదటివాడు, ఆ ఖండంలో దేశాలన్నీ కలిసే పోటీల్లో ముందు మూడోవాడు, రెండేళ్ళకు మొదటివాడు. వాళ్ళ దిక్కు దూకడానికి పనికొచ్చే వెదురు దొరకదు, తూర్పు దేశాల నుంచి ఓడల్లో రావాలి. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోతే, ఉన్న రెండు గడలనే నాలుగేళ్ళు నూనె పట్టిస్తూ, తాడు చుట్టుకుంటూ కాపాడుకున్నాడట. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి మా బాపు అల్లిక ఆపి తల ఎత్తేవాడు. రెండు గడలు నాలుగేళ్ళు కాపాడినవాడు దొరికితే కాళ్ళు మొక్కుతానని చాలాసార్లు అన్నాడు.

సారు మా ఇంటికి మొదట వచ్చిందే వెదురు కోసం. నోటుబుక్కులో ఉన్న ఒకే ఒక్క ఫోటో చూపించి, ఇటువంటి గడ కావాలన్నారు. మా బాపు ఫోటోలో మనిషిని చూడనేలేదు. కణుపుకూ కణుపుకూ మధ్య ఎంత దూరం, మొదలు పైకి పట్టాడా కిందికి పట్టాడా అని అడిగాడు. అమావాస్య ముందు రోజుల్లో కోసిన వెదురుకు పురుగు పట్టదని మావాళ్ళ నమ్మకం. అట్లాగే కోసి తెచ్చి, నెలన్నర నీడలో తిప్పి తిప్పి ఆరబెట్టి, వంకర ఉన్నచోటల్లా ఆముదం రాసి నిప్పు సెగ మీద సాపు చేసి, పన్నెండడుగుల గడ తయారుచేశాడు. దాన్ని బడికి మోసుకెళ్ళింది మా అన్న. అప్పటికే ఆ బడిలోనే చదువుతున్నాడు, చదువు మాత్రం అంతంత. తెచ్చినవాడివి ఒకసారి దూకి చూడమన్నారు సారు. ఆ దూకడంతో అన్నకు అదే లోకమైపోయింది.

మా అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. పెద్దలు ఏం చెప్పినా ఎదురు చెప్పడం వాడికి రాదు, ఆ గుణమే వాడి కొంప ముంచింది. రెండేళ్ళలో తొమ్మిదడుగులు రోజూ దూకేవాడు. తొమ్మిదిన్నర రెండుసార్లకు ఒకసారి దాటేవాడు. పది అడుగులు ఒకే ఒక్కసారి దాటి, ఇసుకలో పడ్డవాడు పడ్డట్టే పడుకుని నవ్వాడు. ఆ నవ్వు నేను చూశాను.

ఆ ఏడు మా బాపు కుడిచేతి బొటనవేలు కత్తికి తెగి, చీము పట్టి, మొద్దుబారిపోయింది. అల్లిక సగానికి తగ్గింది. ఊళ్ళో ఒక పటేలు, అన్నను ఉగాది నుంచి జీతానికి పెట్టమని కబురు పంపాడు. జీతమంటే ఇప్పటి నెల జీతం అనుకోకండి. ఏడాది పొడుగునా ఆ ఇంటి గొడ్డూగోదా, పెంటాపేడా, పొలం పని అన్నీ చేయాలి, పడక కూడా కొట్టంలోనే, ఏడాది చివర ఇన్ని వడ్లు ఇస్తారు. ఒకసారి జీతానికి కుదిరినవాడు మళ్ళీ బడి మెట్లెక్కడం నేను చూడలేదు. సారు మా బాపును బతిమాలి గడువు అడిగారు. ఆ చలికాలంలో జిల్లా పోటీలు కామారెడ్డిలో ఉన్నాయి. గడ దుంకుడులో మొదటి ఇద్దరిని హైదరాబాదు పంపుతారు, అక్కడ హాస్టల్లో పెట్టి చదివించి డ్రిల్లు సార్లుగా తయారుచేస్తారు. ఆ ఇద్దరిలో ఒకడైతే హైదరాబాదు, కాకపోతే పటేలు కొట్టం. మా బాపు సరేనన్నాడు.

పోటీల ముందురోజే సారూ అన్నా గడను బస్సు మీద కట్టుకుని కామారెడ్డి వెళ్ళారు. నేనూ మా బాపూ మరునాడు మొదటి బస్సుకు వెళ్ళాలి. ఆ సాయంత్రం మా నాయనమ్మ గుడి పంతులు దగ్గరికి వెళ్ళి అడిగి వచ్చింది. రేపు పదకొండు నుంచి పన్నెండున్నర దాకా వర్జ్యమని ఆయన చెప్పాడు. పొద్దున నాకు జడ వేస్తూ ఆ మాట నాకు అప్పజెప్పింది. వర్జ్యం పోయేదాకా గడ ముట్టుకోవద్దని అన్నకు చెప్పాలి, అన్న చెవిలోనే చెప్పాలి. సారు నవ్వుతాడు కాబట్టి సారుకు చెప్పొద్దు. బాపు కసురుకుంటాడు కాబట్టి బాపుకూ చెప్పొద్దు. పెళ్ళికాని పిల్ల నోటితో చెబితే మంచి జరుగుతుందని నా గదుమ పట్టుకుని అంది. నాకు తొమ్మిదేళ్ళు. అంత పెద్ద పని నాకెవరూ అంతకుముందు చెప్పలేదు. బస్సులో కామారెడ్డి దాకా ఆ మాటనే మనసులో తిప్పుకుంటూ కూర్చున్నాను.

పోటీలు ఎనిమిదింటికి మొదలు కావాలి. అట్లా అయితే గడ దుంకుడు పదకొండుకు ముందే అయిపోయేది, ఈ కథా ఉండేది కాదు. ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చి జెండా ఎగరేయాలట, ఆయన పదింటికి గాని రాలేదు. నేను అన్న దగ్గరికి పోయి, చెయ్యి పట్టి వంచి, చెవిలో చెప్పాను. అన్న నా మొహం చూశాడు. సరే అన్నట్టు తల ఊపాడు. ఆ తల ఊపడం చూసి నేను ఎంత సంతోషపడ్డానో చెప్పలేను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు ఒళ్ళు మండుతుంది.

గడ దుంకుడుకు పేర్లు పిలిచింది పదకొండు దాటాక. వచ్చినవాళ్ళు ముగ్గురే. ఒకడు కామారెడ్డి పిల్లవాడు, ఒకడు నిజామాబాదు పిల్లవాడు, మూడోవాడు మా అన్న. ముగ్గురిలో ఇద్దరిని తీసుకుంటారు. అడ్డకర్ర ఏడడుగుల దగ్గర మొదలై అరడుగు చొప్పున పైకి పోతుంది. ఏ ఎత్తు నుంచి మొదలుపెట్టాలన్నది దూకేవాడి ఇష్టం. కింది ఎత్తులు వద్దనుకుంటే చెయ్యి అడ్డంగా ఊపి వదిలేయొచ్చు. కానీ మొదలుపెట్టిన ఎత్తులో మూడుసార్లూ తప్పితే, ఆ మనిషి ఆ రోజు ఏమీ దూకనట్టే లెక్క. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి.

ఏడడుగుల దగ్గర అన్న చెయ్యి అడ్డంగా ఊపాడు. సారు తాడు అవతల నిలబడి ఉన్నారు, నవ్వుతూ మీసం దువ్వుకున్నారు. పిల్లలాటకు మావాడు దిగడులే అనుకుని ఉంటారు. ఏడున్నర దగ్గరా ఊపాడు, ఎనిమిది దగ్గరా ఊపాడు. కామారెడ్డి పిల్లవాడు ఏడున్నర దాటి, ఎనిమిది దగ్గర మూడుసార్లూ తప్పి పక్కకు వెళ్ళిపోయాడు. ఎనిమిదిన్నరకు కూడా అన్న ఊపేసరికి సారు నవ్వు ఆగింది. తాడు దగ్గరికి వచ్చి దూకమని సైగ చేశారు. అన్న ఆయన వైపు చూడలేదు. గడ నేల మీద ఉంది. అన్న దానికి బారెడు దూరంలో, మోకాళ్ళు చుట్టుకుని, ఎండలో కూర్చున్నాడు. తొమ్మిది అడుగులు, అంటే వాడు రోజూ ఇసుకలో ఆడుకుంటూ దాటే ఎత్తు, దానికీ చెయ్యి ఊపాడు. అప్పుడు సారు తిరిగి నన్ను చూశారు. నేను సూర్యుణ్ణి చూస్తున్నాను.

నిజామాబాదు పిల్లవాడు తొమ్మిది దాటాడు, మూడో ప్రయత్నంలో, కిందా మీదా పడి. కర్రను తొమ్మిదిన్నరకు ఎత్తారు. వాడు అక్కడ మూడుసార్లూ తప్పాడు. ఇక మిగిలింది మా అన్న ఒక్కడు. ఇదీ వదిలేస్తే పైన ఉన్నది పదడుగులు, వాడు ఒక్కసారే దాటిన ఎత్తు. వర్జ్యం పోవడానికి ఇంకా అరగంట ఉంది. అన్న చేతులకు మట్టి రాసుకున్నాడు, దులుపుకున్నాడు, మళ్ళీ రాసుకున్నాడు. లాగు బొందు విప్పి కట్టుకున్నాడు. టైమెంతని పోటీ నడిపిస్తున్న సారును రెండుసార్లు అడిగాడు. ఆయన విసుక్కుని, దూకితే దూకు లేకపోతే పో అని విజిలు ఊదాడు. అంతసేపూ గడ ముట్టకుండా ఉన్నవాడు, ముట్టుకోవద్దన్న గడను ముట్టుకోవద్దన్న వేళలోనే ఎత్తాడు. 

మొదటిసారి గడను గుంటలో పెట్టి, పైకి లేవకుండానే ఆగిపోయాడు. రెండోసారి బాగా లేచాడు, ఛాతీ తగిలి కర్ర పడింది. మూడోసారి దాటాడు. మనిషి మొత్తం అవతలికి దాటాడు, కర్ర కదలలేదు. నేను ఎగిరాను. పైనుంచి గడను వెనక్కి నెట్టాలి, అది నెట్టడం ఒక్క క్షణం ఆలస్యమైంది. నిలబడి ఉన్న గడ మెల్లగా ముందుకు ఒరిగి, కర్ర మీద వాలి, దాన్ని కింద పడేసింది. ఎర్రజెండా లేచింది. అన్న ఇసుకలో కూర్చుని పైకి చూస్తున్నాడు.

బోర్డు మీద ముగ్గురి పేర్లు రాశారు. నిజామాబాదు పిల్లవాడి పేరు ముందు తొమ్మిది, కామారెడ్డి పిల్లవాడి ముందు ఏడున్నర. మా అన్న పేరు ముందు సుద్దముక్కతో ఒక గీత గీశారు. ఏడున్నర అడుగులు దాటినవాడు హైదరాబాదు వెళ్ళాడు.

మా బాపు తాడు దాటాడు. మైదానంలోకి వెళ్ళి గడను ఎత్తి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వేళ్ళతో తడిమి చూశాడు. గడ మంచిగనే ఉన్నదని ఒక్క మాట అని, దాన్ని భుజాన వేసుకుని బస్సు మీద కట్టడానికి ముందు వెళ్ళిపోయాడు.

సారు మా ఇద్దరినీ బస్టాండు దగ్గర చాయ్ హోటల్ బల్ల మీద కూర్చోబెట్టారు. ఎందుకు వదిలేశావని అడిగారు. అన్న తల వంచుకుని, "గట్లనె అనిపిచ్చింది సార్" అన్నాడు. సారు మళ్ళీ అడిగారు. అన్న మళ్ళీ అదే మాట అన్నాడు. సారు నా వైపు చూశారు. నేను అన్న చెవిలో ఏదో చెప్పడం ఆయన పొద్దునే చూశారు.  అడుగుతారు, చెప్పేయాలి, చెబితే అన్న బతికిపోతాడేమో అనుకున్నాను. ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీశారు.

ఆ బుక్కులో రెండు పేజీలు ఒకదానికొకటి అతుక్కుని ఉండేవి. మెతుకులు ఎక్కువై అంటుకున్నాయని మేము అనుకునేవాళ్ళం. సారు గోరుతో వాటిని విడదీశారు. లోపల ఒక ముక్క ఉంది. దునియా అవతలాయన పేరు ఉంది, పక్కన అంకె లేదు. ఒక చిన్న గీత ఉంది.

ఆ కథ ఆయన మాకు ఎప్పుడూ చెప్పలేదు. యుద్ధం అయిపోయాక, లోకంలోని దేశాలన్నీ కలిసే పెద్ద పోటీలకు దునియా అవతలాయనను పంపారట. అప్పటికి ముప్పై ఏళ్ళు. బ్యాండు వాయించి, పూలు చల్లి ఓడ ఎక్కించారట. మూడు వారాలు ఓడలో పోయాడు. అక్కడ మొదటి ఎత్తు చూసి, ఇది మా ఊరి పిల్లలు దూకే ఎత్తు, దీనికి దిగితే మావాళ్ళ పరువు పోతుందని వదిలేశాడట. తర్వాతదీ వదిలేశాడు. కూర్చుని కూర్చుని ఒళ్ళు చల్లబడ్డాక, పెద్ద ఎత్తులో దిగి మూడుసార్లూ తప్పాడు. మళ్ళీ మూడు వారాలు ఓడ. రేవులో దిగితే అమ్మ తప్ప ఎవరూ రాలేదట. సారు తర్వాతి ముక్క చూపించారు. పెద్ద పోటీల తర్వాత ఏడాది, ఏదో చిన్న ఊరి పోటీ. అంకె చూస్తే నాకే సిగ్గేసింది, అన్న ఎనిమిదో తరగతిలో దూకినంత కూడా లేదు. ఆయన బడి పిల్లల ఎత్తులో మొదలుపెట్టి, ఒక అంకె వేయించుకుని, అక్కడి నుంచి మళ్ళీ ఎక్కాడు. ఆ తర్వాత ముక్కలు ఇంకా ఆరు ఉన్నాయి. ముప్పై నాలుగేళ్ళకు ఆయన బతుకులోకెల్లా పెద్ద ఎత్తు దూకాడు. చిట్టచివరి ముక్కలో, ఏదో బడిలో పిల్లలకు నేర్పుతున్నాడని ఉంది.

"బేటా, మొదలు దాటేటంత ఎత్తుల ఒక్కపారి దుంకు. నీ పేరు ముంగట ఒక అంకె పడనియ్యి. ఎనుక ఎంత ఎత్తన్న అడుగు, ఎవడు కాదంటడు?"

ఈ మాట సారు అన్నను చూసి మొదలుపెట్టి, నన్ను చూసి ముగించారు. అన్న వినలేదు. బస్సు మీద మా బాపు గడకు తాడు బిగిస్తుంటే అటే చూస్తున్నాడు. వినాల్సినవాడి చెవిన పడని మాట నా చెవిన పడింది. నేను దాని మీదే బతికాను.

ఇంటికి వచ్చాక మా నాయనమ్మ గుమ్మంలోనే అడిగింది. ఎప్పుడు దుంకిండని అడిగితే, పన్నెండు దాటాక, పన్నెండున్నర కాకముందు అని చెప్పాను. ఆమె చెయ్యి తిప్పి, "వర్జ్యంల దుంకిండు, ఓడిండు. చెప్తె వినాలె" అంది. చచ్చేదాకా ఊళ్ళో అందరికీ అదే చెప్పింది. అన్న ఓడిపోవడమే ఆమెకు రుజువైంది. తొమ్మిదేళ్ళదాన్ని, ఆగినందుకే ఓడాడని నాకు అప్పుడు తెలియలేదు. తెలిసిన తర్వాత కూడా ఆమెతో అనలేదు.

ఉగాదికి అన్న జీతానికి వెళ్ళాడు. అదే నెలలో పటేలు కొట్టం కప్పు మారుస్తూ వాసాలు కావాలంటే, మా బాపు వెదురుతో పాటు ఆ గడ కూడా ఇచ్చేశాడు. నూనె తాగిన వెదురు, చీలిస్తే అల్లికకు రాదు, ఇంకెందుకు పనికొస్తుంది అన్నాడు. అన్న పదకొండేళ్ళు ఆ వాసాల కింద పడుకున్నాడు. నేను ఒకసారి సద్ది తీసుకుపోయినప్పుడు చూశాను, మిగతావి పచ్చి వాసాలు, అది ఒక్కటి నున్నగా మెరుస్తోంది. అన్న పేడ ఎత్తుతున్నాడు. పైకి చూడలేదు.

తర్వాత అన్న భివండీ మగ్గాలకు పోయాడు, గల్ఫుకు పోయాడు, ఎడారిలో రాళ్ళు మోసి ఊపిరితిత్తులు పాడుచేసుకుని వచ్చాడు. నా దారి వేరైంది. డ్రిల్లు సారు బదిలీ అయ్యే ముందు మా ఇంటికి వచ్చి, ఈ పిల్లను బడి మాన్పించొద్దని మా బాపు దగ్గర మాట తీసుకున్నారు. పదో తరగతి తప్పాను. మళ్ళీ పరీక్షకు కట్టి, పంతులమ్మ ఉద్యోగం వచ్చేదాకా ఆగమని అందరూ అంటే, నేను కామారెడ్డి ఆసుపత్రిలో ఆయా పనికి చేరాను. బెడ్‌పాన్లు కడిగాను. మా చుట్టాలు నవ్వారు. అక్కడి నుంచి మంత్రసాని ట్రైనింగు, ఆ తర్వాత చదువు, ఆ తర్వాత నర్సు. నా బతుకులో నేనేదైనా ఎక్కానంటే, సిగ్గుపడాల్సిన ఎత్తులో మొదలుపెట్టి ఎక్కాను. మా అన్నకు చెప్పిన కథ నాకు అన్నం పెట్టింది. ఇది న్యాయమని నేను అనను.

రెండేళ్ళ కిందట, అంటే రెండు వేల పన్నెండులో, మా అన్న మనవరాలిని కాన్పుకు కామారెడ్డిలో ఒక ఆసుపత్రిలో చేర్చారు. మంచి గడియ చూసి ఆపరేషన్ పెట్టించుకున్నారు. ఇప్పుడు అందరూ అంతే, పుట్టే గడియ కూడా పంతులే రాసిస్తున్నాడు. కానీ ఆ గడియకు చాలా ముందే డాక్టరమ్మ బయటికి వచ్చి, కడుపులో బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోంది, ఇప్పుడే కోయాలి, సంతకం పెట్టండి అంది. పిల్ల అత్తగారు ఫోనులో వాళ్ళ పంతులుతో మాట్లాడుతోంది. ఇంకా ముప్పావుగంట వర్జ్యం ఉంది, అది దాటనివ్వమని ఆమె. ఆ పిల్ల మొగుడు కాగితం చేతిలో పట్టుకుని వాళ్ళమ్మ మొహం చూస్తున్నాడు.

నేను అక్కడే ఇనుప కుర్చీలో ఉన్నాను. నలభై ఏళ్ళు కాన్పులు చూసినదాన్ని. గుండె చప్పుడు తగ్గడమంటే ఏమిటో ఆ వరండాలో నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. నోరు తెరిచాను, మూశాను. మనం ఆడపిల్ల తరఫువాళ్ళం, రేపు ఏదైనా అయితే ఈ పిల్లను జన్మంతా సాధిస్తారని లోపల ఏదో అడ్డుపడింది. తొమ్మిదేళ్ళప్పుడు ఆగమని చెప్పడానికి వచ్చిన నోరు, అరవై ఆరేళ్ళప్పుడు ఆగొద్దని చెప్పడానికి రాలేదు.

మా అన్న లేచాడు. రెండు అడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకునే మనిషి. ఆ పిల్లవాడి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాడు.

"బిడ్డా, సంతకం పెట్టు. నేను ఒకపారి ఆగిన. ఆగినోడు ఆఖరికి ఆ గడియలనే దుంకాల్సొస్తది, గని కాళ్ళు సల్లవడ్డంక దుంకాల్సొస్తది."

వరండాలో ఎవరికీ ఆ మాట అర్థం కాలేదు. కానీ వాడి గొంతులో ఏముందో, ఆ పిల్లవాడు సంతకం పెట్టాడు. బిడ్డ నీలంగా పుట్టింది. చాలాసేపటికి గాని ఏడవలేదు. ఏడ్చింది.

ఆ తర్వాత అన్న కొడుకు అడిగాడు, ఎప్పుడు ఆగినవ్ బాపూ, ఎవరు ఆపిండ్రు అని. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఇప్పుడు చెబుతాడు, చెప్పనీ, చెప్పాలి అనుకున్నాను. అన్న నా వైపు కన్నెత్తి చూడలేదు.

"ఎవ్వరు ఆపలే. నేనే ఆగిన."

డ్రిల్లు సారుకు చెప్పిన జవాబే యాభై ఏడేళ్ళ తర్వాత కొడుకుకూ చెప్పాడు. వాడు మరుసటి ఏడు వానాకాలంలో పోయాడు. ఆసుపత్రి మంచం పక్కన పదకొండు రోజులు కూర్చున్నాను, ఒక్క రోజు నోరు విప్పినా సరిపోయేది. ఈ రోజు చెబుదాం, రేపు చెబుదాం అని, మందులు తిన్నావా, పక్కకు తిరుగుతావా అని అడుగుతూ గడిపేశాను. మొన్న తెలంగాణ వచ్చిన రోజు మా గల్లీలో పటాకులు కాలుస్తుంటే, వాడు పుట్టిన ఇంటి ముందు నిలబడి ఏడ్చాను. జనం సంతోషంతో అనుకున్నారు.

దునియా అవతలాయన గురించి నా పిల్లలకు చెప్పాను, నా దగ్గర పనిచేసిన నర్సులకు చెప్పాను, పదో తరగతి తప్పిన ప్రతి పిల్లకూ చెప్పాను. ఆ కథ మా అన్నకు ఎందుకు చెప్పాల్సి వచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. మైదానంలో వాడి చెయ్యి పట్టి వంచి, వాడి చెవిలో ఆ మాట వేసింది నేనే. వాడు ఆ మాటను తనతోనే తీసుకుపోయాడు, నా మీదికి రానివ్వలేదు. ఇది అచ్చయ్యాక మా ఇంట్లో వాళ్ళు చదువుతారు. అప్పుడు తెలుస్తుంది. తెలియనీ.